ఒడులబండ మీద ఖాళీ చోటు

ఒడులబండకు మొదటిసారి వచ్చే భక్తులు మెట్లెక్కి, ఊట దగ్గర కాళ్ళు కడుక్కొని, గుడి గడప దగ్గర వంగి లోపలికి చూసి, వెనక్కి తిరిగి అడిగే మాట ఒకటే. అమ్మవారు ఏది?

అడగడంలో తప్పు లేదు. గర్భగుడిలో విగ్రహం లేదు, పటం లేదు, త్రిశూలం కూడా లేదు. కొండరాతిలో పుట్టుకతో ఏర్పడిన గుంట ఒకటి ఉంది. ఒక ఆడమనిషి బాసింపట్టు వేసుకొని కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంటాయి. రెండు వైపులా దీపాలు వెలుగుతుంటాయి. మధ్యలో మాత్రం ఏమీ లేదు. విగ్రహాన్ని ఎవరో ఎత్తుకుపోయారనుకొని జాలిపడి, హుండీలో కాస్త ఎక్కువే వేసి వెళ్ళేవారు కూడా ఉన్నారు. దేవస్థానం వారు వారిని ఆపిన దాఖలా లేదు.

గుడికి ఎడమ పక్క బండ అంచున అలాంటి గుంటలే వరుసగా ఉన్నాయి. కుడి పక్క ఒకే ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం వస్తే వాటిలో కొండముచ్చులు కూర్చొని కనిపిస్తాయి. నల్లటి ముఖం, బూడిదరంగు ఒళ్ళు, బండ మీంచి కిందికి వేలాడే తోక. ఆంజనేయస్వామి పరివారమని కొందరు దండం పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. ఈ క్షేత్రంలో మాత్రం వాటికి అంతకంటే దగ్గరి చుట్టరికం ఉంది. గుడి ఖాళీగా ఉండటానికి, బండకు ఒడులబండ అని పేరు రావడానికి అవే కారణం.

పూర్వం ఈ కొండ కింద గొర్రెలు మేపుకునేవారి పల్లె ఉండేది. గొర్లదొడ్డి అనేవారు. ఎండాకాలం గడ్డి మాడిపోగానే మగవాళ్ళు మందలను తోలుకొని పెన్న ఒడ్డుకు వలసపోయేవారు. మళ్ళీ వానలు పడి గరిక మొలిచేదాకా పల్లెలో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పాలు ఇంకిపోయిన నాలుగు మేకలు.

ఆ పల్లెలో ఈరమ్మ అనే పెద్దావిడకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు బయ్యక్క, చిన్నకోడలు చౌడమ్మ. ఇద్దరూ ఒకే ఏడు నీళ్ళోసుకున్నారు. వేవిళ్ళతో చౌడమ్మకు నోటికి ఏమీ హితవు కాకపోతే బయ్యక్క తన కడుపు మోసుకుంటూనే చెట్టెక్కి చింతచిగురు కోసుకొచ్చి పెట్టింది. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునే ఊళ్ళో వీళ్ళిద్దరూ పాలూ నీళ్ళలా కలిసిపోయారని చెప్పుకునేవారు. అలా చెప్పుకున్నప్పుడే ఎవరైనా దిష్టి తీసి ఉంటే బాగుండేది.

మగవాళ్ళు వలసపోయాక బయ్యక్క ముందు కన్నది. మగబిడ్డ. వారం తిరక్కుండానే పోయాడు. ఆ వెనకే చౌడమ్మ కన్నది. ఆమెకూ మగబిడ్డే. వీడు గట్టిగా ఏడ్చాడు, గట్టిగా తాగాడు, నిలిచాడు.

ఇక్కడ గొర్రెల సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే చౌడమ్మ చేసిన పని ఒట్టి పొగరుగా కనిపిస్తుంది. తల్లిగొర్రె తన పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. పరాయి పిల్ల వచ్చి పొదుగుకు నోరు పెడితే తలతో కుమ్మి తరిమేస్తుంది. అంతేకాదు, తన కడుపున పుట్టినదానికే పరాయి వాసన అంటితే దాన్ని కూడా దగ్గరకు రానివ్వదు. అలా తల్లి కాదన్న పిల్ల దొడ్డి మూలన అరిచి అరిచి చావడం గొర్లదొడ్డిలో పుట్టిన ప్రతి ఆడపిల్లా చూసిందే. పొద్దున లేస్తే గొర్రెల్ని చూసేవాళ్ళకు లోకమంతా గొర్రెల్లాగే కనిపిస్తుంది. అందుకే ఆ పల్లెలో ఒకరి బిడ్డకు ఇంకొకరు పాలివ్వరు. పాలు మారితే పేగు మారుతుందనేవారు.

ఒకనాటి ఉదయం చౌడమ్మ పెరట్లో స్నానం చేస్తుంటే ఇంట్లో బిడ్డ ఏడుపు మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయింది. తడిబట్టతోనే లోపలికి వెళ్ళింది. బయ్యక్క గోడకు ఆనుకొని కూర్చొని, బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, రొమ్ము అందించబోతోంది. పాపం, ఆమె ఏదో అనుకొని వచ్చిన మనిషి కాదు. బిడ్డ పోయినా పాలు పోలేదు. ఏడుపు చెవిన పడేసరికి చేపుకొచ్చి పైట తడిసింది, చేతులు వాటంతట అవే ఉయ్యాల్లోకి వెళ్ళాయి.

"నీ బిడ్డను మింగింది చాలక నా బిడ్డ మీద పడినావా?" అంది చౌడమ్మ.

కాలు జారితే లేవవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.  బయ్యక్క బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి, పైట సర్దుకొని బయటికి నడిచింది.

అదే పొద్దుకు బిడ్డకు ఒళ్ళు వెచ్చబడింది.  పరాయి వాసన అంటింది, ఇక వీడు నాకు కాకుండా పోతాడు అనుకుంది చౌడమ్మ. బిడ్డను భుజాన వేసుకొని పల్లె చివర ఉన్న మందరాయి దగ్గరకు వెళ్ళింది. ఆ రాయి కాపరుల దేవత. దాని మీద చెయ్యి వేసి చెప్పిన మాటను వెనక్కి తీసుకున్నవాళ్ళు గొర్లదొడ్డిలో ఎవరూ లేరు. నలుగురూ చూస్తుండగా చౌడమ్మ ఆ రాయి మీద చెయ్యి వేసి, "నా చేతులతో ఈ బిడ్డను బయ్యక్క ఒళ్ళో పెడితే వీడు నాకు దక్కకూడదు" అని ఒట్టు పెట్టుకుంది.

మర్నాటికి బిడ్డ ఒళ్ళు చల్లబడింది. ఒట్టు మాత్రం రాయి మీదే ఉండిపోయింది.

బయ్యక్క చాప చుట్టుకొని కొండ మీది పాకలోకి వెళ్ళిపోయింది. వానాకాలంలో గొర్రెపిల్లలను కట్టేసే పాక అది, ఊటకు వెళ్ళే దారిలో ఉంటుంది. రోజూ తన పాలను ఒక చెట్టు మొదట్లో పిండిపోసేది. పచ్చి బాలింత కొండ మీద ఒంటరిగా ఉంటే ఈరమ్మ ప్రాణం ఒప్పుతుందా? సంగటి ముద్ద మూట కట్టుకొని పూటపూటా ఎక్కి దిగేది. ఇటు చిన్నకోడలితో మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు.

కొన్నాళ్ళకు చౌడమ్మకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పాలు ఇంకిపోయాయి. మెంతుల గంజి తాగించారు, వెల్లుల్లి వేయించి పెట్టారు, మంత్రసాని గంగులవ్వ తనకు తెలిసిన ఆకులన్నీ నూరిపోసింది. చుక్క రాలేదు. పక్క ఊరి నుంచి మేకపాలు తెప్పించి గుడ్డపీలికతో పట్టిస్తే బిడ్డ కక్కేశాడు. ఏడుపు నానాటికీ సన్నబడింది, తర్వాత ఏడవడం కూడా మానేశాడు. కళ్ళు తెరిచి పైకి చూస్తూ ఉండేవాడు. అంత బుజ్జివాడు అలా నిమ్మళంగా ఉండటం చూసి చౌడమ్మ మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

పల్లెలో పాలున్న ఆడమనిషి ఒక్కతే. ఆ సంగతి అందరికీ తెలుసు. చివరికి ఈరమ్మే నోరు విప్పింది.

"మే చౌడమ్మా, పెద్దదాన్ని పిలుచుకొస్తా."

"రాయి మీద చెయ్యేసినా అత్తా."

"నన్నడిగి యేసినావా?"

 బయ్యక్కకు ఇస్తే ఒట్టు తగిలి బిడ్డ పోతాడు, ఇవ్వకపోతే ఆకలితో పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇలాంటి కథల్లో ఈపాటికి అమ్మవారు కలలో కనిపించి ఏం చెయ్యాలో సెలవిస్తుంది. ఇక్కడ ఆ ముచ్చట జరగలేదు. నిద్ర పడితేనే కదా కల రావడానికి.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ చౌడమ్మ బిడ్డను ఒడిలో కట్టుకొని కొండెక్కింది. చల్లటి ఊటనీళ్ళతో బిడ్డ పెదవులు తడపడానికని చెప్పి వెళ్ళింది. తనకు తాను కూడా అదే చెప్పుకుంది. ఆ దారిలోనే బయ్యక్క పాక ఉందన్న సంగతి మాత్రం ఆమె తనతో అనుకోలేదు, మనమూ గుచ్చి అడగవద్దు. ఊట దగ్గర నీడన కూలబడి తలెత్తి చూస్తే ఎదురుగా బండ మీద కొండముచ్చుల మంద కూర్చొని ఉంది.

మగది పైన కొమ్మ మీద కాళ్ళు జాపుకొని కాపలా కాస్తోంది. కింద గుంటల్లో అన్నీ ఆడవే. ఒకదాని వెన్ను ఒకటి గోళ్ళతో పాయలు తీసి చూసుకుంటున్నాయి. చివరనున్న బాలింత దగ్గర అప్పుడే పుట్టినట్టున్న పిల్ల, నల్లటి బొచ్చు, ముడుతల ముఖం. పక్కన కూర్చున్నది చెయ్యి చాపింది. తల్లి కాదనలేదు. పిల్లను వదిలేసి, మోదుగ కొమ్మ దగ్గరకు పోయి తీరిగ్గా చిగుళ్ళు మేయసాగింది.

 ఆ రెండోది పిల్లను ఒళ్ళో వేసుకొని, ముఖమంతా చూసి, మూడోదానికి ఇచ్చింది. మూడోది ఇంకా పిల్లల్ని ఎరగని పడుచు. తలకిందులుగా పట్టుకుంది. పిల్ల కీచుమంది. పక్కనున్న ముసలిది దాని చేతుల్లోంచి లాక్కొని సరిగ్గా పొదువుకుంది. అలా ఒడి మారి, ఒడి మారి ఆ పిల్ల చిట్టచివరి గుంటలో కూర్చున్న దాని దగ్గరకు చేరింది. అంతకుముందే నేరేడు కొమ్మ దగ్గర ఆ చివరిదానికీ ఈ బాలింతకూ పెద్ద తగువైంది. పళ్ళు చూపించుకున్నాయి, చెంపలు వాయించుకున్నాయి. చౌడమ్మ కొండెక్కుతూ కళ్ళారా చూసింది. ఇప్పుడు అదే చివరిది తన పిల్లను ఒక పక్కకు జరిపి, శత్రువు పిల్లకు రెండో రొమ్ము అందించింది. బాలింత తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ చిగుళ్ళు తినసాగింది.

ఇక రానివ్వదు అనుకుంది చౌడమ్మ. ఇన్ని వాసనలు అంటిన పిల్లను ఏ తల్లి రానిస్తుంది? గొర్రె అయితే కుమ్మి అవతల పడేసేది. మేత అయ్యాక బాలింత నెమ్మదిగా వచ్చింది. చివరిదాని ఒళ్ళోంచి పిల్లను తీసుకుంది. మూతితో ఒకసారి తాకి, కడుపుకు హత్తుకొని, కళ్ళు మూసుకుంది. అంతే.

చౌడమ్మకు ఏడుపు పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళూ తాను గొర్రెలను చూసి తల్లితనం నేర్చుకుందని, మనిషి పుట్టుక పుట్టి గొర్రెకు అప్పచెల్లెలైందని సిగ్గుపడింది. వాసన భయం అక్కడితో వదిలిపోయింది. అయితే ఒట్టు వదలలేదు కదా. అప్పుడే ఆమెకొక ఉపాయం తోచింది. ఒట్టు తన చేతుల మీద పెట్టుకుంది. తన చేతులు కాకుండా, ఆ కొండముచ్చు పిల్లలాగా, బిడ్డ వాళ్ళ చేతుల్లోంచి వీళ్ళ చేతుల్లోకి మారుతూ బయ్యక్క ఒడికి చేరితే?

పరుగున దిగి పల్లెలోని ఆడవాళ్ళందరినీ పిలిచింది. సంగతి విని అందరూ తలలూపారు. ఈరమ్మ మాత్రం ఏమీ అనకుండా ముందుగా కొండెక్కి, పెద్దకోడలిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి చిట్టచివరి గుంటలో కూర్చోబెట్టింది. తాను ఆమె పక్క గుంటలో కూర్చుంది. తక్కినవాళ్ళు వరుసగా కూర్చున్నారు. మొదటి గుంటలో చౌడమ్మ. కొండముచ్చులు చెట్ల మీదికి జరిగి, ఈ కొత్త మంద ఏం చేస్తుందా అని చూస్తున్నాయి.

చౌడమ్మ బిడ్డను పక్కావిడ ఒళ్ళో పెట్టింది. ఆమె ముద్దు పెట్టుకొని పక్కకు ఇచ్చింది. ఒకామె నుదురు నిమిరింది, ఒకామె "నాయనా, దూదిపింజ మాదిరి అయిపోయినాడే" అని కళ్ళు ఒత్తుకుంది. బిడ్డ గంగులవ్వ చేతుల్లోకి వచ్చాడు. తర్వాతిది ఈరమ్మ ఒడి, ఆ తర్వాత బయ్యక్క.

అప్పుడు ఈరమ్మ లేచి నిలబడింది. గుంట ఖాళీ చేసి పక్కకు తప్పుకుంది.

"యాడికత్తా?" అంది చౌడమ్మ అవతలి కొస నుంచి.

"నీ ఒట్టుకు నన్ను వంతెన చేస్తాండావే?" అంది ఈరమ్మ. "ఇంతమంది చేతులు మార్చి దేవతకు గంతలు కడదామనుకున్యావా? బువ్వకు, నీళ్ళకు ఎన్నిసార్లయినా మధ్యన నేనుంటా. దీనికి ఉండను. ఆ కొండముచ్చు తన పిల్లను తానే వదిలింది. నువ్వు వదులు."

గంగులవ్వ గుంటకూ బయ్యక్క గుంటకూ నడుమ చెయ్యి అందనంత దూరం. ఎవరు ఎంత వంగినా బిడ్డ చేరడు. "ఎవురో ఒకరు బిరీన రాండమ్మా, బిడ్డను అందుకోండి" అంది గంగులవ్వ. ఒక్కరూ కదల్లేదు. ఈరమ్మ నిలబడిన తీరు చూశాక కదిలే ధైర్యం ఎవరికీ లేదు.

చౌడమ్మ లేచింది. వరుస వెనకగా నడిచి వచ్చి ఆ ఖాళీ గుంటలో కూర్చుంది. గంగులవ్వ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. వాడు ఎప్పటిలాగే కళ్ళు తెరిచి పైకి చూస్తున్నాడు. ఆమె ఆ కళ్ళలోకి ఒకసారి చూసి, తన ఒట్టును తానే మరోసారి గుర్తుచేసుకుంది. ఏ మాటా మరిచిపోలేదు.

"తల్లీ, మాట తప్పేది నేను" అంది మందరాయి ఉన్న దిక్కుకు తిరిగి. "నాకు దక్కకుంటే పోనీ. వాడు బతకనీ." తన రెండు చేతులతో బిడ్డను ఎత్తి బయ్యక్క ఒళ్ళో పెట్టింది. "అక్కా, వీడు నీ బిడ్డ."

బయ్యక్క ఆమె ముఖం వంక చూడలేదు. చూసే తీరిక లేదు, అప్పటికే పాలు చేపుకొచ్చి ఒళ్ళు తడిసిపోతోంది. బిడ్డకు మొదట నోరు పట్టే శక్తి కూడా లేదు. చుక్క చుక్కగా పెదాల మీద పిండింది. వాడు నాలుక చప్పరించాడు. మళ్ళీ పిండింది. కాసేపటికి గుటక వేసిన చప్పుడు వినిపించింది. బండ మీదున్న ఆడవాళ్ళందరూ ఆ చప్పుడు విన్నారు. ఆ తర్వాత వాడు వదలకుండా తాగాడు, గొర్రెపిల్ల పొదుగు కుమ్మినట్టు తలతో కుమ్మి కుమ్మి తాగాడు. చౌడమ్మ అంతా చూస్తూ, ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చుంది. ఇచ్చినదాన్ని తిరిగి అడిగే ఉద్దేశం ఆమెకు లేదు.

కడుపు నిండి బిడ్డ నిద్రపోయాడు. అప్పుడు బయ్యక్క మొదటిసారి తోడికోడలి వైపు తిరిగింది. బిడ్డను ఎత్తి చౌడమ్మ ఒళ్ళో పడుకోబెట్టింది.

"నువ్వు నాకిచ్చినావు. ఒట్టు తీరిపాయ. ఇప్పుడు నా బిడ్డను నేను నీకిస్తాండా, తీసుకో" అంది. "ఆకలైతే పిలువు, ఈడనే ఉంటా" అని కూడా అంది.

చౌడమ్మ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. అన్న మాటకు క్షమించమని అడిగిందో లేదో కథలో లేదు. బయ్యక్క మాత్రం ఆ తలను ఒళ్ళోకి లాక్కొని, జుట్టు పాయలు తీసి నిమిరిందని చెబుతారు.

వానలు పడి మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆ బిడ్డ బొద్దుగా తయారై, ఇద్దరి ఒళ్ళలో ఎవరిది ముందు దొరికితే దానిలో కూర్చుంటున్నాడు. ఈరమ్మ కొడుకులిద్దరూ సంతోషించి, ఈరమ్మ ఖాళీ చేస్తే చౌడమ్మ కూర్చున్న ఆ గుంట మీద రాతిపలకలతో గుడి కట్టారు. లోపల దేవతను నిలపడానికి శిల్పిని పిలుస్తామన్నారు. ఈరమ్మ ఒప్పుకోలేదు. "ఆడ ఎవురినీ కూర్చోబెట్టొద్దు. రేపు ఇంకొకతి వస్తే యాడ కూర్చుంటాది?" అంది. పెద్దావిడ మాట ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఎవరూ దాటలేదు.

నేటికీ వైశాఖమాసపు శుక్రవారాల్లో ఒడులబండ మీద ఒడిమార్పు జరుగుతుంది. ఏడాది లోపు బిడ్డలను తెస్తారు. బిడ్డతల్లి తనతో మాటలు లేని మనిషిని ఒకరిని వెంటబెట్టుకొని రావాలి. ఆడపడుచు కావచ్చు, అత్త కావచ్చు, కన్నతల్లే కావచ్చు. ఇద్దరూ ఒకే ఆటోలో రావాలన్న నియమం లేదు. మొక్కులో కష్టమంతా ఈ పిలుపులోనే ఉందని, కొండ మెట్లు దాని ముందు ఏ మూలకని అనుభవం ఉన్నవారు చెబుతారు. ఎడమ పక్క గుంటల్లో ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళెవరైనా కూర్చోవచ్చు. కులం, ఊరు అడిగేవారు ఉండరు. బిడ్డ ఒడి మారి ఒడి మారి గర్భగుడి దాకా వస్తుంది. తల్లి వెనకగా నడిచి వచ్చి, ఖాళీ చోటులో కూర్చొని, బిడ్డను అందుకొని, కుడి పక్కనున్న మనిషి ఒళ్ళో తన చేతులతో పెడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో గంట మోగించి ఆ తల్లికే హారతి ఇస్తారు. బిడ్డను అందుకున్నామె "నేనిస్తాండా, తీసుకో" అని తిరిగి ఇస్తుంది. ఇక్కడ హారతి పట్టే హక్కు బిడ్డలు లేని ఆడవారిది, లేదా బిడ్డ పోయినవారిది. శుభకార్యాల్లో వెనక వరుసకు నెట్టే ఆ చేతులతో ఇక్కడ మొదటి హారతి.

కొండముచ్చులకు మోదుగ చిగుళ్ళు, నానిన శనగలు నైవేద్యం. చేత్తో అందించకూడదు. చేత్తో పెడితే వాటిలో వాటికి తగువులు పుడతాయి. బండ మీద పెట్టి వెనక్కి వస్తే అవే పంచుకుంటాయి.

ఒడిమార్పు జరిగిన బిడ్డకు ఆకలి దోషం, దిష్టి దోషం అంటవని, ఎక్కడికి పోయినా పెట్టే చెయ్యి, పట్టే ఒడి దొరుకుతాయని పెద్దల నమ్మకం. ఈ కథ చదివినవారికి, విన్నవారికి ఇంటి తగువులు తీరుతాయని కూడా అంటారు. వినగానే తీరకపోతే ఆ మనిషిని వెంటబెట్టుకొని ఒకసారి కొండకు రండి.

ఇప్పుడు హారతి పట్టేది ఓబుళమ్మ. గడప దగ్గర వంగి చూసి, అమ్మవారు ఏదని అడిగేవారికి ఆమె ఈ కథంతా చెప్పదు. పళ్ళెంలో కర్పూరం సర్దుకుంటూ మెట్ల వైపు చూపిస్తుంది.

"వస్తాది. ఆడ చూడు, బిడ్డను సంకనేసుకొని, ఆయమ్మ పక్కన నేను కూర్చోనంటే కూర్చోనని గింజుకుంటాండాదే, ఆమే."